నా పేరు మీదున్న బండి

మా మరిది వంశీ బండిని ఆత్మకూరుకి తీసుకెళ్లి ఇరవై మూడో రోజున ఉదయగిరికి తిరిగి తెచ్చాడు. వెళ్లేటప్పుడు అది నిమ్మకాయల బస్తాలు మోసే పికప్ బండి. వచ్చేటప్పటికి అది ఏమిటో చెప్పడానికి నేను చదివిన బీకాం సరిపోలేదు.

ముందు చప్పుడు వచ్చింది. బండి చాలాసేపటికి వచ్చింది. వంటింట్లో స్టాండు మీది గ్లాసులు టకటకా కొట్టుకుంటుంటే బయటికి వెళ్లి చూశాను. వెనక తొట్టికి ఉండాల్సిన పక్క తలుపులు లేవు. వాటి చోట నల్లటి స్పీకరు బాక్సులు, కింద నాలుగు, పైన నాలుగు. వాటి వెనక జనరేటరు. క్యాబిన్ నెత్తిన గిరగిరా తిరిగే లైట్లు. డ్రైవరు వైపు తలుపు మీద నోరు తెరిచిన పులి బొమ్మ. ఆ చప్పుడు దానికి కూడా నచ్చినట్టు లేదు.

"ఎట్టుండాది వదినా?" అన్నాడు వంశీ, దిగకుండానే.

"బాగుండాది. ఎవురు పోయినారు?"

"నీకు ఎప్పుడూ ఎగతాళే. సైలెన్సర్ మార్పించినా. స్పీడు దాటనీకుండా ఆపే గవర్నరు పీకించినా. లాప్‌టాప్ తగిలించి ఇంజను సెట్టింగంతా మార్చినారు. ఇప్పుడు ఆత్మకూరులో తొక్కితే దుత్తలూరులో బ్రేకెయ్యాల."

"బ్రేకులు కూడా మార్పించినావా మరి?"

"ఉండే బ్రేకులు చాల్లే," అన్నాడు.

మా అత్త చెంచులక్ష్మమ్మ గుమ్మడికాయ తెచ్చి బండికి దిష్టి తీసింది. కాయ పగిలిన చోట ఎర్రనీళ్లు తుడిచే పని నాది కాబట్టి అదెక్కడ పగులుతుందో నిలబడి చూశాను. మా ఆయన కోటేశ్వర్ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ఒక్కటే అడిగాడు.

"పక్క తలుపులు ఏడరా?"

"షెడ్డులోనే ఉండాయి అన్నా. పెళ్లి ఉండే రోజు బాక్సులు, లేని రోజు నిమ్మకాయలు. ఊడదీసేది రెండు గంటల పని."

మా ఆయన తలూపాడు. తమ్ముడి మాట నమ్మడం ఆయనకి పొద్దున్నే టీ తాగడం లాంటిది. మంచిదా చెడ్డదా అని ఆలోచించి చేసే పని కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆర్సీలో ఈ బండి ఓనరు పేరు సుకుమారి. అంటే నేను. బండి కొన్నప్పుడు అయ్యవారు ఇంటిల్లిపాది నక్షత్రాలూ చూసి, ఇనుమూ చక్రమూ కలిసొచ్చేది ఈ ఇంట్లో పెద్ద కోడలికి ఒక్కదానికే అన్నాడు. ఆ రోజు మా అత్త ముఖం చూసిన వాళ్లెవరూ దాన్ని శుభకార్యం అనుకోరు. ఆ తర్వాత ఐదేళ్లలో నన్ను ఓనరు అని పిలిచిన వాళ్లు లేరు. కాగితం మీద వేలు పెట్టి "ఇక్కడ" అనేవాళ్లు, నేను సంతకం పెట్టేదాన్ని. ఫోన్ నంబరు కూడా నాదే ఇచ్చారు, మా ఆయన ఎప్పుడూ రోడ్డు మీదుంటాడని.

అది వైశాఖం. పెళ్లిళ్లూ అప్పుడే, నిమ్మకాయ కోతలూ అప్పుడే. బండి సంగం వెళ్లింది, మర్రిపాడు వెళ్లింది, ఆత్మకూరులోనే వారం రోజులు ఉండిపోయింది. బాక్సులు ఒక్కరోజు కూడా దిగలేదు. మా ఆయన ఫోన్ మోగితే బయటికెళ్లి మాట్లాడి రావడం మొదలుపెట్టాడు. మా ఇల్లు గడిచేది దుత్తలూరు చుట్టుపక్కల పద్నాలుగు తోటల బస్తాలు పొదలకూరు మార్కెట్టుకి చేర్చడం మీద. ఎండనక వాననక తిరిగి ఆయన ఆ తోటల్ని నిలుపుకున్నాడు. ఆ పద్నాలుగూ చెయ్యి జారిపోతే ఆయనకి ఇంకో పని రాదు, ఇంకో పని నేర్చుకునే వయసూ దాటిపోయింది.

ఒక మధ్యాహ్నం దుత్తలూరు నుంచి పెంచలయ్య మోపెడ్ మీద వచ్చాడు. అందరికంటే పెద్ద తోట ఆయనది. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, కోటేశ్వర్ ఇంట్లో ఉండాడా, ఆయన కూడా పెళ్లిళ్లకి ఎగిరేదానికి పోయినాడా?" అన్నాడు.

మా ఆయన లోపల్నుంచి చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు. పెంచలయ్య సంచిలోంచి ఒక కాయ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"కోసి మూడు దినాలు. పచ్చగా ఉన్నిందయ్యా ఇది. సూడు, పసుపు కొమ్ము మాదిరి అయిపోయినాది. ఇంకో రెండు దినాలుంటే నీ ఇంటికే పంపిస్తా, ఊరగాయ పెట్టుకోండి."

"వస్తాది పెంచలయ్యా, రేపు తప్పకుండా..."

"నిన్నా రేపే అన్నావు. రేపు సాయంత్రం అయిదు దాకా చూస్తా. రాకపోతే మర్రిపాడు బండిని పిలుస్తా. ఒకసారి పిలిస్తే ఇంక మా పక్క ఒక్కడు కూడా నీ మొగం చూడడు. చెప్పలేదు అనొద్దు."

ఆయన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మా ఆయన ఆ కాయని చొక్కా జేబులో వేసుకున్నాడు. రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, "రేపు బండి కావాల్రా," అన్నాడు. అవతల పాట మోత. అన్న చెప్పింది తమ్ముడు విన్నాడో లేదో, "సరే అన్నా సరే" అని మాత్రం వినపడింది.

మర్నాడు పదకొండు గంటలకి వంశీ నాకు ఫోన్ చేశాడు. మామూలుగా చెయ్యడు.

"వదినా, నీ ఫోనుకి ఒక నంబరు వస్తాది. చెప్పు."

"దేనికి?"

"ఇన్సూరెన్స్‌కి. నెట్ సెంటర్లో ఉండా. బిరీన చెప్పు."

మెసేజ్ వచ్చింది. రెండు వరుసల ఇంగ్లీషు. ఓనర్‌షిప్ మార్పు కోసం అడిగిన నంబరు ఇది, ఎవరికీ చెప్పకండి అని ఉంది. నేను చదువుకున్నానని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అది చదవడానికి పనికొస్తుందని ఎవరికీ తోచలేదు.

ఆరంకెల్లో మధ్య రెంటినీ అటూ ఇటూ మార్చి చదివాను.

"తప్పు అంటా ఉండాదే?"

"కళ్లజోడు లేదు వంశీ. ఇంకోటి పంపించమను."

రెండోది వచ్చింది. దాంట్లో చివరి తొమ్మిదిని ఆరు చేశాను. మూడోదానికి నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది, మొదటి మూడంకెలు నా పెళ్లిరోజు నుంచి తీసుకున్నాను. ఫోన్‌లో నెట్ సెంటరాయన గొంతు వినపడింది: "లాక్ అయిపోయింది వంశీ. ఇంక రేపే."

నాకు కళ్లజోడు ఎప్పుడూ లేదు.

గవర్నరు పీకిన బండి కాబట్టి గంట దారి నలభై నిమిషాల్లో వచ్చింది. వంశీ చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. మా ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"కావాలనే చేసినావు," అన్నాడు వంశీ నాతో.

"అవును."

అంత తేలిగ్గా ఒప్పుకుంటానని అనుకోలేదు కాబోలు, బండి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇన్సూరెన్స్ అన్నావు. దాంట్లో ఓనర్ మార్పు అని ఉండాది," అన్నాను.

మా ఆయన చెయ్యి అన్నంలోనే ఆగింది. "ఏందిరా అది?"

"మార్చుకుంటా అన్నా. ఏం తప్పు? ఆత్మకూరులో డీజే వాళ్లంతా నన్ను ఏమని పిలస్తా ఉండారో తెలుసా? వదినమ్మ డ్రైవరంట! మైకులో చెప్పి నవ్వుతా ఉండారు. నా పేరున ఉంటే నా బండి. ఇంక నిమ్మకాయలూ గిమ్మకాయలూ నా వల్ల కాదు. నువ్వు వేరే బండి చూసుకో."

"దొంగతనంగానా?" అన్నాను.

"మేయ్, ఎవుర్ని దొంగ అంటా ఉండావు?" మా అత్త వంటింటి గడపలోంచి లేచింది. "ఆడదాని పేరున బండి పెట్టినప్పుడే అనుకున్నా. చదువుకున్న పిల్ల వొద్దురా, నోరుంటాది అని చెప్పినా. ఇన్నాడా ఈ పెద్దోడు?"

"అయ్యవారిని మళ్లీ పిలిపించు అత్తా. నక్షత్రాలేమన్నా మారినాయేమో."

"చూసినావా! చూసినావా దాని నోరు!"

మా ఆయన కంచం ముందునుంచి లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. నేను షెడ్డులోకి వెళ్లి పదిహేడో నంబరు స్పానరు తెచ్చాను. చీర కుచ్చిళ్లు దోపుకుని, చక్రం మీద కాలేసి బండెక్కాను.

ఎదురింటి రెబెకమ్మ బట్టలారేస్తూ ఆగిపోయింది. తర్వాత ఆమె ఒకే తువ్వాలని అరగంట ఆరేసింది.

"దిగు వదినా. దాని మీద గీత పడిందంటే మర్యాదగా ఉండదు," అన్నాడు వంశీ.

"గీత పడకుండా నువ్వే దించు."

"దించను."

"అయితే పడతాది."

"అవి నా బాక్సులు!"

"నీవే. ఎవురూ కాదనలా. ఏడ పెట్టుకుంటావో పెట్టుకో. కిందుండే బండి నాది."

మొదటి బోల్టు రావడానికి పది నిమిషాలు పట్టింది, చేతి చర్మం ఊడింది. నాలుగూ తీశాను. బాక్సుని బిగించిన బెల్టు విప్పాను. పైన ఉన్న బాక్సుని రెండు చేతులతో తోశాను. జానెడు జరిగి ఆగింది. భుజం పెట్టి తోశాను. ఇంకొంచెం కూడా కదల్లేదు. ఆత్మకూరులో నలుగురు మగవాళ్లు ఎత్తి పెట్టిన బాక్సు అది.

వంశీకి అర్థమైంది. కోపం పోయి నవ్వొచ్చింది. అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"దించు ఓనరమ్మా. చూస్తా ఉండా."

మా అత్త కూడా నవ్వింది. గోడ అవతల ఎవరో నవ్వారు. నేను బాక్సుకి ఆనుకుని నిలబడ్డాను. దిగితే ఇంకెప్పుడూ ఎక్కలేనని తెలుసు. ఉంటే ఎండలో అలాగే ఉండాలి.

మా ఆయన ఫోన్ మోగింది. తీసి పేరు చూశాడు. పెంచలయ్య. మోగనిచ్చాడు. ఆగిపోయి మళ్లీ మోగింది. ఆయన తమ్ముణ్ణి చూశాడు, తల్లిని చూశాడు, నన్ను చూశాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన ఏం చేస్తాడో నాకు తెలియని రోజు అదొక్కటే.

"చెప్పు పెంచలయ్యా," అన్నాడు చివరికి. "ఆఁ. బస్తాలు బయట పెట్టించు. అయిదులోపల నీ కాడ ఉంటా."

ఫోన్ జేబులో పెట్టి లుంగీ ఎగ్గట్టాడు.

"కోటా! తమ్ముడి కడుపు కొడతావేంట్రా?" అంది మా అత్త.

"అన్నా, ఆ బాక్సు కిందికి దిగిందంటే నీకూ నాకూ ఏం లేదు. చెప్తా ఉండా," అన్నాడు వంశీ. కాలు మీది కాలు దించేశాడు.

మా ఆయన చక్రం మీద కాలేశాడు. బండెక్కి నా ఎదురుగా నిలబడ్డాడు. ఆ ముఖంలో నా మీద ప్రేమేమీ లేదు.

"నువ్వు ఇంక ఒక్క మాట మాట్లాడినావంటే ఇట్టనే వొదిలేసి దిగిపోతా," అన్నాడు. "గమ్మున అటు పట్టుకో."

పట్టుకున్నాను. ఒకటోది దిగింది. ఇంకా ఏడున్నాయి.