వాసన రాని షాజీరా

సుశీలమ్మ చాటను ఎగరేసి, కొసకు చేరిన పొల్లును ఊది, మిగిలిన గింజల్లోంచి చిటికెడు తీసి అరచేతిలో నలిపింది. ముక్కుకు ఆనించింది. ఏమీ లేదు.

మళ్లీ నలిపింది. సన్నగా, నల్లగా, కొద్దిగా వంగిన గింజలు. వేళ్లకు కల్తీ రంగు అంటలేదు. మధ్యమధ్య గొడుగు ఊచల్లాంటి పూకాడల ముక్కలు తగులుతున్నాయి. చూపుకు షాజీరానే. ఎక్కడో మంచుకొండల మీద ఎవరూ విత్తకుండానే మొలుస్తుందట, నేలలో చిన్న గడ్డ ఊరి, ఏళ్లు గడిస్తేగాని పూయదట. ఆ మొక్కను ఆమె ఎన్నడూ చూడలేదు. పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక సందులో, సీతారాం సేటు మసాలా దుకాణంలో, దాని గింజలు చెరుగుతూనే ఆమె జుట్టు నెరిసింది.

ధర చెప్పేవాడు వాసన చూడకూడదు, చూస్తే ఆశ అడ్డొస్తుందని సేటు తండ్రి పెట్టిన ఆనవాయితీ. అందుకని సుశీలమ్మ ముక్కు ఒప్పుకున్న బస్తానే లోపలికి వెళ్తుంది. కాదంటే వాపసు. ఆ ముక్కు తప్ప ఆమెకు ఈ దుకాణంలో వేరే బలం లేదు.

కిందటేడు పెద్ద జ్వరం వచ్చి లేచాక అన్నీ చప్పగానే వస్తున్నాయి. ఎక్కడో కల్తీ జరుగుతోంది. జల్‌పల్లిలో ఇంట్లోనూ అంతే. కోడలు పూజిత పోపు పెట్టినట్టు చప్పుడు చేస్తుంది, కూరలో మాత్రం ఏమీ ఉండదు. తిండి సహించక ముసలిది తానే ఎటైనా పోతుందని చూస్తోందేమో.

ఇక్కడ స్వరూప. పక్కనే కూర్చుని చెరిగే మనిషి, చేరి ఏడాది కాలేదు. బస్తా మూతి విప్పగానే, ఎవరూ అడగకముందే, "ఘాటు మస్తుంది గదా అత్తా" అనో, "ఇది చచ్చిన సరుకు అత్తా" అనో అంటుంది. తన చోటు మీద కన్నేసిందని సుశీలమ్మకు ఎప్పుడో అర్థమైంది. అయినా తల ఊపేది. నిన్న ఈ బస్తాను కూడా స్వరూప మెచ్చుకుంటేనే సరేనంది. ఈరోజు వాసన లేదు. రాత్రికి రాత్రి వాసన ఎక్కడికి పోతుంది?

సుశీలమ్మ లేచి గద్దె దగ్గరికి వెళ్లింది.

"సేటూ, ఇది నిన్నటి బస్తా కాదు. మార్చిన్రు."

"ఎవరు మారుస్తరు?"

ఆమె పేరు చెప్పలేదు. స్వరూప వైపు చూసింది.

"పొద్దున నేను తాళం తీసేటాల్లకు ఈమెనే ఉండె," అన్నాడు సేటు మెల్లగా.

స్వరూప చాట కింద పెట్టింది. "గంత బస్తా సంకల పెట్టుకొని పోయిన్నా సేట్?" అని నవ్వబోయింది. సేటు నవ్వలేదు. ఆమె సుశీలమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "చెప్పాల్నా అత్తా?"

"ఏందే చెప్పేది? చెప్పు."

స్వరూప ఆ ముసలి వేళ్లకేసి చూసింది. "ఏం లేదు. పైలంగ చూసుకో అత్తా," అంది. చీర దులుపుకొని, చెప్పులు వేసుకుని, ఎండలోకి వెళ్లిపోయింది.

తప్పు చేయకపోతే లొల్లి పెట్టేది కదా, అనుకుంది సుశీలమ్మ.

మధ్యాహ్నం మొఘల్‌పురా నుంచి పెళ్లిళ్ల వంటమనిషి ఖాదర్ భాయ్ వచ్చాడు. గడపలోనే ఆగి, "క్యా సేట్, ఖుష్బూ గల్లీ దాంక వస్తుంది. దేంట్లోది?" అంటూ నేరుగా ఆ బస్తా దగ్గరికే వెళ్లి పిడికెడు తీశాడు. సేటు సుశీలమ్మను చూశాడు. ఆమె తల వంచి చెరుగుతూనే ఉంది. స్వరూప ఇల్లూ మొఘల్‌పురాలోనే. ఇద్దరూ మాట్లాడుకున్నారన్నమాట.

పొద్దు వాలుతుండగా సేటు ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఎండుచాపలు ఎవరు తెచ్చిన్రు దుకాణంలకు? ఎప్పటి సంది తల తిరుగుతుంది. సుశీలమ్మా, నీ పక్కకెల్లే వస్తుంది, నీకెట్ల తెలుస్తలేదు?"

ఆమె చేతిలో చాట ఆగింది.

స్వరూప కూర్చున్న గోనె వెనక ఒక స్టీలు డబ్బా పక్కకు ఒరిగి ఉంది. మూత ఊడి, నూనె గోనెలోకి ఇంకి, ఈగలు ముసిరాయి. సుశీలమ్మ మోచేతికి జానెడు దూరం. ఆమె దాన్ని తీసి ముక్కుకు ఆనించి, గుండె నిండా గాలి పీల్చింది. స్టీలు చల్లగా తగిలింది. అంతే. మళ్లీ పీల్చింది. అనుమానించడానికి ఈసారి ఎవరూ దొరకలేదు.

సేటు కదలకుండా చూస్తున్నాడు.

"బస్తా మంచిదే సేటూ," అంది. "ఆ పిల్లను పిలిపియ్యుండ్రి. రేపటి సంది ఆమెనే చూస్తది."

ఆమె చాటను గోడకు ఆనించింది. డబ్బా అంచు కొంగుతో తుడిచి, మూత నొక్కి పెట్టి, స్వరూపకు కనిపించేలా బయటి మెట్టు మీద ఉంచింది. వెనక్కి చూడకుండా బస్సు వైపు నడిచింది.

మెట్టు మీది డబ్బా మూత చుట్టూ ఒక ఈగ, లోపలికి సందు వెతుకుతూ, తిరుగుతూనే ఉంది.