మెక్సికోలో పెరుగన్నం

పుంగనూరు చుట్టుపక్కల పెళ్ళి వంటలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో నన్ను మాత్రం ముక్కు గురుమూర్తి అంటారు. నైవేద్యం పెట్టకముందు వంట ఎంగిలి కాకూడదని మా నాయన నేర్పిన పద్ధతి. అందుకని ఉప్పు చూడాలన్నా, పప్పు అడుగంటిందో లేదో తెలియాలన్నా ముక్కే ఆధారం. గుండిగ మీద వంగి ఆవిరి పీలిస్తే ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పేవాణ్ణి. ఆరో తరగతిలోనే బడి మానేసిన నాకు అదొక్కటే చదువు.

కరోనా వచ్చినప్పుడు ఆ ముక్కు పోయింది. అందరికీ వాసన తిరిగొచ్చింది, నాకు రాలేదు. జ్వరం నాకూ నా భార్య రామలక్ష్మమ్మకూ ఒకేసారి వచ్చి తగ్గింది. అప్పటినుంచి ప్రతి పెళ్ళికీ తను నా వెంట వచ్చేది. పొయ్యి ఎగదోస్తున్నట్టు గుండిగ దగ్గరికి వంగి, నాకు మాత్రమే వినబడేలా "సరిపోయింది" అనేది. ఆ ఒక్క మాట మీద నా బతుకు నడిచింది. ముక్కు చచ్చిన వంటవాడని తెలిస్తే ఏ పెళ్ళివారు పిలుస్తారు?

పోయిన శ్రావణంలో తను పోయింది. గుండె నొప్పి అంది, ఆటో వచ్చేలోగా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. తల దగ్గర వెలిగించిన ఊదుబత్తుల వాసన కూడా రాలేదు. ఆ రెండింటికీ తేడా నాకిప్పటికీ తెలియదు. తర్వాత చేతి కొలతల మీద వంట చేస్తూ వచ్చాను. నా ముక్కు సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే మిగిలాడు, నా బామ్మర్ది లక్ష్మీపతి.

లక్ష్మీపతికి పుంగనూరులో విత్తనాల అంగడి ఉంది. టమోటా విత్తనాలు బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు ఏడాదికొక దేశం తిప్పుతారు. ఈసారి మెక్సికో అన్నారు. టమోటా పుట్టిందే ఆ పక్కనంట. బయలుదేరే ముందు మదనపల్లెలో ఒక హోటల్లో అందరినీ కూర్చోబెట్టి ఒక డాక్టరమ్మ చేత జాగ్రత్తలు చెప్పించారు. వీధి బండ్ల దగ్గర తినకూడదని ఆమె అనలేదు. జనం తిరిగే బండి చూసుకుని, కళ్ళముందు కాల్చింది వేడిగా తినమంది. కోసిపెట్టిన పళ్ళు, పచ్చి ఆకులు, ఐసు వద్దంది. నీళ్ళు సీలు తీయని సీసావే తాగాలి, పళ్ళు తోముకోవడానికీ అవే వాడాలి, వండిన అన్నం ఎక్కువసేపు నిలవ ఉంచకూడదు అంది. ఆ చివరి మాట వచ్చేసరికి అందరూ అప్పుడే లోపలికి తెచ్చిన బిర్యానీ వైపు చూస్తున్నారు.

మదనపల్లె డీలరు భీమరావు భారీ మనిషి, భయస్థుడు. ఆ దేశపు తిండీ వద్దు, నీళ్ళూ వద్దు, మన వంటమనిషినే తీసుకుపోదామన్నాడు. లక్ష్మీపతి వెంటనే నా పేరు చెప్పాడు. ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు, ముక్కులేనోడిని పరాయి దేశానికి యాల తీసుకుపోతావని అడిగాను.

"నోరు మూసుకుని రా బావా. వాసన నేను సూస్తా గదా. అక్క పోయినాక నువ్వు గోడకేసి సూస్తా కూసోనుండావు, కాస్త మనసు మారతాది" అన్నాడు.

మనసు మారుతుందని కాదు, ఊరికే వచ్చే వంటవాణ్ణి కాబట్టి పిలిచాడని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. ఇంట్లో ఉన్నా ఒకటే, అక్కడున్నా ఒకటే.

కాంకూన్ అనే సముద్రపు ఊళ్ళో వంటగది ఉన్న పెద్ద ఇల్లు తీసుకున్నారు. అందరూ సముద్రం చూసి అబ్బా అన్నారు. నాకు అది నీళ్ళు, అంతే. ఎండ మాత్రం తెలిసింది. గాలి తడిబట్టలా ఒంటికి అంటుకునేది. పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి సంగటి, నంజుకోవడానికి వేరుశెనగపప్పు నూరిన ఊరిబిండి. మెక్సికోకి వచ్చి వీళ్ళు పుంగనూరు తింటున్నారు.

బయట తిన్నది అమరావతి ఒక్కతే. కుప్పంలో భర్త పోయాక అంగడిని తనే నిలబెట్టుకున్న మనిషి, ఆ గుంపులో ఏకైక ఆడమనిషి. నేను చింతపండు కొనడానికి బజారుకు వెళ్తే వెంట వచ్చేది. బండి కనిపిస్తే ఆగి, ముందు బండివాడి చేతుల్ని చూసేది. తర్వాత నిలబడి తినేవాళ్ళను చూసేది. మొక్కజొన్న రొట్టె పెనం మీదనుంచి దిగుతుంటే చేయి చాపేది. గాజు పాత్రలో రంగు రంగుల షర్బతులు, ఐసు తేలుతూ ఉంటే తల తిప్పుకునేది. నీళ్ళ సీసా మూత కటుక్కుమని విరిగితేనే తాగేది.

"డాక్టరమ్మ సెప్పింది ఇదే గదన్నా. మీరంతా వద్దనే మాట ఒక్కటే విన్యారు. ఆమె తినమనింది గూడా" అంది ఒకసారి, నిమ్మకాయ పిండుకుంటూ.

ఒక సాయంత్రం బొగ్గుల మీద కాల్చిన కంకులకు కారం, నిమ్మరసం పట్టించి అందరికీ కొని తెచ్చింది. భీమరావు వద్దు వద్దంటూనే రెండు తిన్నాడు. నాకూ ఒకటిచ్చింది. కారానికి పెదాలు మండాయి. రుచి తెలియలేదు.

ఆ మర్నాడు పాత గుళ్ళు చూడటానికి బస్సులో దూరం వెళ్ళాలి. బస్సు తెల్లవారకముందే వస్తుంది, మధ్యాహ్నానికి కట్టుకుపోవడానికి పెరుగన్నం చేయమన్నారు. మా పద్ధతి అందరికీ తెలిసిందే. అన్నంలో ఎక్కువ పాలు పోసి, గరిటెడు పెరుగు కలిపి మూత బిగిస్తాం. దారిలో అది మెల్లగా తోడుకుని, తినేవేళకు కమ్మగా ఉంటుంది. తిరుమల నడిచి వెళ్ళేవాళ్ళకూ, కుప్పం నుంచి బెంగుళూరు రైలెక్కేవాళ్ళకూ అలాగే కట్టిస్తూ వచ్చాను. ఎన్నడూ చెడలేదు. మదనపల్లె చల్లగాలి కూడా ఆ పెరుగన్నంలో ఒక దినుసని నాకెప్పుడూ తట్టలేదు. ముందురోజు సాయంత్రమే అన్నం వార్చి, ఎప్పటిలాగే కలిపి, పెద్ద క్యారియర్లకు ఎత్తాను.

బస్సు ఎండలో నిలబడి ఉంది. గుళ్ళు చూసి అందరూ ఆకలితో వచ్చారు. మూత తీస్తే అన్నం పక్కల నుంచి నీరు ఊరి ఉంది. అది సరిగా తోడుకున్నట్టు లేదు. లక్ష్మీపతిని పిలిచి వాసన చూడమన్నాను. వాడు ఫోను పట్టుకుని గుడి ముందు తన ఫోటో తీసుకుంటున్నాడు.

"బాగుండాది, పెట్టు బావా" అన్నాడు. తల కూడా తిప్పలేదు.

నేను పెట్టాను. ఎవరో పులిసిందన్నారు. పెరుగన్నమన్నాక పులవదా అని భీమరావు వాళ్ళ నోరు మూయించి, ఊరిబిండి కలిపి మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. అమరావతి అక్కడ లేదు. గేటు దగ్గర ఒక ముసలామె రొట్టెలు కాలుస్తుంటే అటు వెళ్ళింది. నేను తినలేదు. వడ్డించాక నాకు ఆకలి ఉండదు, రామలక్ష్మమ్మ పోయినప్పటినుంచి అంతే.

తిరుగుదారిలో బస్సు ఊరూరా ఆగింది. ఆగిన చోటల్లా ఒకరు దిగి పరుగెత్తారు. కాంకూన్ చేరేసరికి భీమరావును ఇద్దరు పట్టుకుని దింపారు. డాక్టరు వచ్చి గ్లూకోసు ఎక్కించాడు. అమరావతి సీసా నీళ్ళలో పొడి ప్యాకెట్లు కలిపి ఒక్కొక్కరి చేత గుక్క గుక్కగా తాగించింది. తర్వాత వంటగదిలోకి వచ్చి, కడగకుండా ఉన్న క్యారియర్ మూత తీసి వెంటనే మొహం వెనక్కి లాక్కుంది. నా వైపు చూసింది. నేను ఆ క్యారియర్ పక్కనే కూర్చుని చింతపండు నానబెడుతున్నాను.

"ఇంత కంపు కొడతాంటే ఇంత దగ్గర ఎట్లా కూసోనుండావన్నా?" అంది. నేను చింతపండు పిసుకుతూనే ఉన్నాను. మూత మళ్ళీ పెట్టి, "ఎప్పట్నించి?" అని అడిగింది.

కరోనా నుంచి అన్నాను. ఆమె క్యారియర్ తీసుకుని తనే కడిగి బోర్లించింది.

మంచాల మీద పడున్నవాళ్ళు మాత్రం నేరస్థుణ్ణి వెతుకుతున్నారు. అందరూ తిన్నవి రెండే. ఒకటి నా వంట, రెండోది అమరావతి తెచ్చిన కంకి. లక్ష్మీపతి వాంతి చేసుకుంటూనే కంకి అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. రోడ్డు తిండి, ఈ ఊరి నీళ్ళు, ఆడమనిషి చాపల్యం అన్నీ దాంట్లో ఉన్నాయి. ఆమెకు ఏమీ కాలేదు కదా అని ఒకరంటే, అలవాటైన కడుపు అన్నారు. అమరావతి ఆ మాటలు గుమ్మం దగ్గర నిలబడి వింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు సులువుగా ఉండేదేమో.

తిరిగొచ్చాక ఆ కంకి మదనపల్లె మార్కెట్ యార్డు దాకా పాకింది. కుప్పం అమరావతి కంకి అని టమోటా లారీల దగ్గర జోకులు. ఆమె కూతురు వాణికి కుదిరిన సంబంధం వాళ్ళూ ఆ మాట విన్నారని, అదేం శుభ్రం అని అడిగించారని తెలిసింది. నాకు మాత్రం ఆర్డర్లు పెరిగాయి. మెక్సికో వెళ్ళొచ్చిన వంటవాడినని సదుంలో ఒకరు, కలకడలో ఒకరు పెళ్ళి వంటకు మాట్లాడుకున్నారు.

ఉగాది ముందు మదనపల్లెలోనే డీలర్ల మీటింగు జరిగింది. ఆ రోజు వంట నాది. వడ్డిస్తుండగా వచ్చే టూరు మాట వచ్చింది. భీమరావు లేచి, ఈసారి అమరావతిని వద్దందామని, మనం చావు తప్పించుకుని వచ్చామని అన్నాడు. నవ్వారు. ఆమె ఆకు ముందు తల వంచుకుని కూర్చుని ఉంది. తను ఒక్క మాట చెబితే ఆ నవ్వు అక్కడే ఆగిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పడం లేదో నాకు తెలుసు. ఆమె అలా మాట దాచుకోవడం చూస్తే నాకు కృతజ్ఞత రావాలి. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. చాలా రోజులకు నాకు ఏదో ఒకటి వచ్చింది.

సాంబారు బక్కెట్టు కింద పెట్టాను.

"కంకి కాదప్పా. పెరుగన్నం కుళ్ళింది. వండింది నేను. నాకు ముక్కు చచ్చి నాలుగేండ్లయింది, వాసన తెలీదు. లక్ష్మీపతికి తెలుసు. సూడమంటే సూడలే" అన్నాను.

భీమరావు చేతిలో ముద్ద అలాగే ఆగింది. తర్వాత దాన్ని ఆకులో పెట్టేశాడు. ఒకరి తర్వాత ఒకరు ఆకులు మడిచారు. అన్నం బాగానే ఉంది, వేడిగా అప్పుడే దింపింది. అయినా మడిచారు. లక్ష్మీపతి నా వైపు చూసి, పళ్ళు పటపట కొరుకుతూ "నీ గుట్టు కాపాడిన మా అక్క పేరు గూడా తీసేసినావు" అని బయటికి వెళ్ళిపోయాడు. అమరావతి మాత్రం ఆకులో ఉన్నదంతా తిని, చేయి కడుక్కుని లేచింది.

సదుం వాళ్ళు ఫోను చేసి వద్దన్నారు. కలకడ వాళ్ళు ఫోను కూడా చేయలేదు, వేరేవాళ్ళను పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. పొయ్యి కడ్డీలు, గుండిగలు మిద్దె మీదికి ఎక్కించాను. బాధగా ఉందా అని ఎదురింటి పూలమ్మ అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు.

వాణి సంబంధం తప్పిపోలేదు. వంటకు నన్నే రమ్మని అమరావతి మనిషిని పంపింది. రామకుప్పం దగ్గర వాళ్ళ సొంత ఊళ్ళో పెళ్ళి. ఏనుగులకు భయపడి రాగి చేలో వేసిన మంచె పక్కనే నాకు పొయ్యిలు తవ్వించారు. బంధువులు దూరం నుంచి చూస్తున్నారు. అమరావతి పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చింది. మొదటి గుండిగ మీద వంగి, అందరూ చూస్తుండగా ఆవిరి పీల్చింది.

"ఉప్పు తగ్గిందన్నా" అంది.

నా చేయి గరిటె మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఎండైనా వానైనా, పప్పైనా పులుసైనా రామలక్ష్మమ్మ ఒకే మాట అనేది. జ్వరం తనకూ వచ్చింది. తన ముక్కు తిరిగొచ్చిందా అని నేను ఒక్కసారైనా అడగలేదు. అదే చేతి కొలత నాది, అదే మాట తనది. ఎవరి ముక్కూ లేకుండానే అన్ని పెళ్ళిళ్ళు జరిగిపోయాయేమో. అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

"ఏందన్నా అట్లా నిలబడిపోయినావు? తగ్గింది అంటాండా" అంది అమరావతి.

డబ్బాలోంచి పిడికెడు ఉప్పు తీసి వేశాను. గరిటెతో అడుగుదాకా కలిపాను. ఆమె మళ్ళీ వంగింది. ఏమంటుందోనని నేను చూస్తూ నిలబడ్డాను.