ఊకలో కేబుల్

ఇల్లరికపు అల్లుడి మాటకి విలువ ఉండదని గణేష్‌బాబుకి ఎవరూ చెప్పలేదు, మూడేళ్లలో తనకే తెలిసొచ్చింది. నరసాపురంలో మామగారు చంద్రరావు నడిపే ఐసు ఫ్యాక్టరీకి ఎలక్ట్రీషియన్ అతనే. కిందటి వానాకాలం రెండో కంప్రెసర్ పెట్టినప్పుడు లెక్కలు వేసి అల్యూమినియం కేబుల్ తెప్పించిందీ అతనే. చుట్టూ ఇసక పోసి భూమిలో పాతితే నూట డెబ్బై ఆంపియర్లు మోస్తుందని కంపెనీ పట్టిక చెప్పింది. రెండు కంప్రెసర్లూ కలిసి నూట యాభై. ఇరవై మిగులు చూసుకుని హాయిగా నిద్రపోయాడు.

ఆ కేబుల్ ఫ్యాక్టరీ ఆవరణలోని రొయ్యల షెడ్డు కింద నుంచి పోతుంది. షెడ్డులో ఆడవాళ్లు తడినేల మీద నిలబడి రొయ్యల తలలు తీస్తారు. లోపలికి చెప్పులతో రాకూడదని చంద్రరావు పెట్టిన రూలు. ఆయనకి మాత్రం వర్తించదు.

వైశాఖంలో, కాలువలకి నీళ్లు కట్టేశాక, షెడ్డులో పనిచేసే రూబీ వచ్చింది.

"బాబుగారండీ, గోడ పక్క నేలలోంచి ప్లాస్టిక్ మాడిన వాసనొస్తోందండి."

తవ్వించి చూస్తే కేబుల్ చుట్టూ ఇసక లేదు, ధాన్యం ఊక ఉంది. చెయ్యి పెట్టి, కాలడంతో చటుక్కున తీసేశాడు.

"ఊక ఎవరు పోశారండీ?"

"నేనే పోయించా," అన్నాడు అప్పుడే అక్కడికొచ్చిన చంద్రరావు గర్వంగా. "ఐసుగడ్డకి ఊకే కదా కప్పుతాం? ఇదీ చల్లగా ఉంటదని."

గణేష్‌బాబుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఊక చలవ చెయ్యదు. బయటి వేడిని లోపలికి రానివ్వదు, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కాలువలు పారినన్నాళ్లూ చెమ్మకి తడిసి ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడది ఎండిపోయింది, అందులో కేబుల్ పట్టికలో చెప్పినదాంట్లో సగానికి మించి మొయ్యలేదు. తొడుగు కరిగితే తడినేలకి కరెంటొస్తుంది. అంతదాకా ఫ్యూజు పోదు, దాని లెక్కలో నూట యాభై ఎక్కువేం కాదు.

"రెండో కంప్రెసర్ ఆపాలండి మావయ్యగారూ, కేబుల్ మళ్లీ ఇసకలో వేసేదాకా."

"బోట్లు రేవులో ఉన్నాయి. ఐసిస్తానని మాటిచ్చాను. కేబుల్ సరిపోద్దన్నది నువ్వే కదా?"

"ఇసకలో అయితే అని..."

"ఎక్కువ మాట్లాడకు. ఈ నాలుగు రోజులూ నడవనీ."

గణేష్‌బాబు స్విచ్‌బోర్డు గదిలోకి వెళ్లి రెండో కంప్రెసర్ ఆపేశాడు. బయటికొస్తే మామగారు మళ్లీ వేయిస్తాడు. అందుకని లోపల గడియ పెట్టుకుని కూలబడ్డాడు. కిటికీ లేని గది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. భయం వేసింది, సిగ్గూ వేసింది. ఊక పోయించింది ఆయనే గానీ, గొయ్యి పూడుస్తుంటే దగ్గరుండి చూడనిది తను.

చంద్రరావు తలుపు బాదాడు. "సాయంత్రం నా గడప తొక్కావో, చూడు!" అని అరిచాడు. చివరికి కూతుర్ని పిలిపించాడు.

హేమశ్రీ షెడ్డులోంచి నడిచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏవండీ, తలుపు తీయించమని నాన్న పంపారు."

అతని చెయ్యి గడియ మీదికి పోయింది.

"అందరిలాగే చెప్పులు విప్పి వచ్చాను," అంది గొంతు తగ్గించి. "ఆ తడిలో అడుగు వెయ్యాలంటే భయమేసిందండి. తియ్యకండి."

గడియ వదిలేసి తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. అవతల ఆమె కూడా కూర్చుంది. ఆ సాయంత్రం వెళ్లడానికి ఇద్దరికీ ఇల్లు లేదు.