అడ్డగీత

రొద అనేది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు గది తలుపు వేసుకుని, పాత టేప్‌రికార్డర్లు విప్పి, తీగలు అటూ ఇటూ కలిపి గరగరలూ కీచుకీచులూ పుట్టిస్తుంటే, "ఏమిటా రొద?" అని తండ్రి హాల్లోంచి కేకేసేవాడు. అన్నయ్య ఆ మాటనే పేరుగా ఖాయం చేశాడు. "రొదా, అన్నానికి రా" అని పిలిచేవాడు. చివరికి పోస్టర్ల మీద కూడా అదే పేరు ఎక్కింది.

అన్నయ్య లిఫ్టు మెకానిక్. చెల్లెలు చేసేది సంగీతమంటే ఒప్పుకునేవాడు కాదు. "మిక్సీలో మేకులేసి తిప్పినట్టుందే" అనేవాడు. అంటూనే సెలవు రోజున పక్కన కూర్చుని ఆమె పెట్టెలకు టంకం వేసి పెట్టేవాడు. ఒకసారి ఎవరో పారేసిన టీవీని భుజాన వేసుకుని మేడ మీదికి మోసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి వెనక మూత తీసి, పిక్చర్ ట్యూబ్ మెడ దగ్గర కాయిల్‌కు వచ్చే తీగల్లో ఒక జత తెంపారు. బొమ్మ మాయమై తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క తెల్లటి గీత మిగిలింది. తెంపిన చోట రొద తన యాంప్లిఫైయర్ తీగలు కలిపింది. శబ్దం పెట్టగానే ఆ గీత ఎగిరి, వంకర్లు పోయి, ముళ్లు పడి విడిపోయింది. ఇద్దరూ నోళ్లు తెరుచుకుని చూశారు.

"నీ గోల వినలేక గింజుకుంటోంది చూడు" అన్నాడు అన్నయ్య.

ఆమె పని అక్కడ మొదలైంది. తర్వాత్తర్వాత అలాంటి తెరలు వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక్కో శబ్దం ఇచ్చేది. ఫ్రిజ్ మూలుగు, ప్రింటర్ గీకుడు, తడి గాజు మీద వేలు రాసిన చప్పుడు. చెవికి గోలగా ఉన్నదే కంటికి దారంతో అల్లిన పువ్వులా కనిపించేది. దానితో పొట్ట గడవదు కాబట్టి పగలంతా ప్రకటనలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేసేది. అనౌన్సర్లు మాటకూ మాటకూ మధ్య పీల్చే ఊపిరిని కత్తిరించి పారేయడం అక్కడ ఆమె ఉద్యోగం.

ప్రదర్శనలు డాన్స్ స్కూలు హాల్లోనో, పుస్తకాల షాపు వెనక గదిలోనో జరిగేవి. వచ్చే నలుగురిలో సగం మంది మధ్యలో లేచిపోయేవారు. అన్నయ్య మాత్రం చెవుల్లో దూది, చొక్కా జేబులో ఫ్యూజులు పెట్టుకుని వెనక వరసలో చివరిదాకా కూర్చునేవాడు. వదిన ఒక్కసారే వచ్చింది. ఆమెది కళ్లద్దాల షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం. "రోజంతా జనం కళ్లతో కుస్తీ పడి వస్తాను, ఇక చెవుల్ని కూడా ఇవ్వలేను తల్లీ" అని చేతులెత్తేసింది.

ఇలా ఏళ్లు గడిచాక ఒక పెద్ద ఆర్ట్ సెంటర్ నుంచి పిలుపు వచ్చింది. వేరే ఊరు, పెద్ద హాలు, గోడంత తెర. ఆ ప్రదర్శన కోసం రొద అన్నయ్యను వెంటబెట్టుకుని మేడల పైన లిఫ్టు మోటార్లు ఉండే గదులన్నీ తిరిగింది. మోటారు తిరగడం, బ్రేకు పట్టడం, రిలే స్విచ్చులు టకటకమనడం అన్నీ రికార్డు చేసింది. అన్నయ్యకు ఆ మోటార్లన్నీ చుట్టాల్లా తెలుసు. "ఇది ముసలిది, లేచేటప్పుడు దగ్గుతుంది, ఆగు" అని చెప్పి మరీ వినిపించేవాడు. ప్రదర్శన నాడు అతనికి డ్యూటీ పడింది. "నా మోటార్లు వస్తున్నాయిగా, నేనెందుకు?" అన్నాడు ఫోన్లో.

ఆ సాయంత్రం ఆమె తెర వెనక నిలబడి ఉండగా ఫోను మోగింది. వదిన. గొంతులో ఎత్తూ పల్లం ఏమీ లేదు.

"మీ అన్నయ్య పనిలోనే కూలిపోయాడంట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికే పోయాడంట. నేనక్కడికే వెళ్తున్నా."

"సరే వదినా" అంది రొద.

ఫోను జేబులో పెట్టుకుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి వచ్చి, "మేడమ్, ఇక మీరే" అంది. వెళ్లమన్నారు కాబట్టి వెళ్లింది. అప్పుడు ఎవరైనా కూర్చోమని ఉంటే కూర్చునేది.

స్టేజి మీద బల్ల, దాని మీద పెట్టెలు, టీవీ ట్యూబ్, దాన్ని పెద్ద తెర మీద చూపించే కెమెరా. స్విచ్ వేసింది. వెనక పెద్ద తెర మీద అడ్డంగా తెల్లటి గీత వెలిగింది. స్పీకర్లలోంచి యంత్రం తన మానాన తను చేసే సన్నటి గుయ్యి మొదలైంది. తర్వాత తిప్పవలసిన నాబ్ ఏదో ఆమెకు తెలుసు. చెయ్యి ఎక్కడుందో మాత్రం తెలియలేదు. నిలబడింది. గీతా కదల్లేదు, ఆమె కూడా కదల్లేదు. మొదట్లో జనం దగ్గారు, కుర్చీల్లో సర్దుకున్నారు. తర్వాత ఆ చప్పుళ్లూ ఆగిపోయాయి. ఇచ్చిన సమయమంతా అలాగే అయిపోయింది. లైట్లు వేసే మనిషి కాసేపు చూసి, చూసి, లైట్లు ఆర్పేశాడు.

చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నిర్వాహకుడు పరుగున వచ్చి రొద రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "ఇలాంటిది నేను చూడలేదండీ! అసలు ఆ ధైర్యం!"

"ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేదు. కారు కావాలి" అంది రొద. అంతకంటే ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇంటికి చేరాక జరగవలసినవన్నీ జరిగాయి. ఆమె కుర్చీలు వేసింది, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది. కంట చుక్క రాలేదు. "తోడబుట్టినవాడు పోతే ఆ నిబ్బరం చూడండమ్మా" అని ఒక పిన్ని మెచ్చుకుంది. "నిబ్బరం కాదు, రాయి" అని ఇంకో పిన్ని గొంతు తగ్గించకుండానే అంది. రెండూ వినబడ్డాయి. ఏదీ తన గురించి అన్నట్టు అనిపించలేదు.

కొద్దిరోజులకే పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. ఏమీ చేయకపోవడాన్ని కళగా నిలబెట్టిన మనిషి అని రాశారు. దానికి 'అడ్డగీత' అని పేరు కూడా వాళ్లే పెట్టారు. ఇతర ఊళ్ల నుంచి, దేశాల నుంచి ఫోన్లు వచ్చాయి. అందరికీ అదే కావాలి. ప్రదర్శనలు కుదర్చడానికి ఒక మేనేజర్ కూడా వచ్చి చేరింది. గలగలా మాట్లాడే మనిషి, చేతిలో రెండు ఫోన్లు.

రొద కాదనలేదు. అదంత కష్టమైన పని కూడా కాదు. స్విచ్ వేయాలి, నిలబడాలి. ఎలాగూ లోపల అంతకంటే ఏమీ జరగడం లేదు. స్టూడియో ఉద్యోగం మానేసింది. విమానాలు, హోటళ్లు, ఎక్కడికి వెళ్లినా ఒకేలాంటి కార్పెట్టు, ఒకేలాంటి సబ్బు వాసన. ఎదురుగా పెట్టినది తినేది, లేపితే లేచేది. ఇంటర్వ్యూల్లో అడిగేవారు: "ఆ నిశ్చలతలోకి ఎలా వెళ్తారు?"

"నిలబడతాను" అనేది.

ఆ మాటను పెద్ద అక్షరాల్లో వేసుకునేవారు. మోటార్ల రికార్డింగులు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. వాటిని విప్పాలనీ అనిపించలేదు, పారేయాలనీ అనిపించలేదు.

కొన్నేళ్లకు 'అడ్డగీత' వాళ్ల సొంత ఊళ్లోకి వచ్చింది. వదిన ఫోన్ చేసి, "నాకో సీటు ఉంచు, వస్తా" అంది. షాపు నుంచి నేరుగా వచ్చి ముందు వరసలో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. ప్రదర్శన అయ్యాక, జనం వెళ్లిపోయాక, ఇద్దరూ ఖాళీ హాల్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు.

"ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చున్నానే" అంది వదిన. "తీరా అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. అయిపోయిందా అని పక్కాయన్ని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు."

"ఇంతే వదినా ఇది."

"ఇదెప్పుడు కనిపెట్టావ్?"

రొద చెప్పింది. ఫోను వచ్చింది, వెళ్లమన్నారు, వెళ్లాను, చెయ్యి లేవలేదు అని నాలుగు ముక్కల్లో, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు ఆ రోజు ప్రోగ్రాం ఆపేసి వచ్చావనుకున్నా" అంది వదిన. మళ్లీ తనే చెప్పింది: "నాకు మీ అన్నయ్య ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. కళ్లకి ఫ్రేము పెట్టి ఉన్నా. ఫోను పెట్టేసి మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లా. ఇది బాగుందా, ఇది బాగుందా అని అద్దాలు మారుస్తూనే ఉన్నా. ఆవిడ కింది వరస దాకా చదివింది. పవర్ రాసిచ్చి, ఆవిడని మెట్లు దింపి, అప్పుడు నీకు చేశా."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"ఏమని చెప్పను? నాకెవరూ చప్పట్లు కొట్టలేదు మరి."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రావలసింది. వచ్చీ రానట్టు ఆగిపోయింది. వదిన బ్యాగు జిప్పు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"కర్మలు అయిన మర్నాటి నుంచే నేను మళ్లీ ఇంకో మనిషికి అద్దాలు పెట్టాల్సి వచ్చింది. ఒకళ్లు చిరాకు పడేవాళ్లు, ఒకళ్లు పిల్లల కబుర్లు చెప్పేవాళ్లు. అలా ఎప్పటికో తేరుకున్నా. నిన్ను మాత్రం రోజూ పట్టుకెళ్లి ఆ సాయంత్రంలోనే నిలబెడుతున్నారే. ఇక చాల్లే. కాళ్లు లాగట్లేదా?"

లాగుతున్నాయి. ఎంతకాలం నుంచో తెలియదు. వదిన అడిగేదాకా రొద గమనించనే లేదు.

మర్నాడు మేనేజర్‌కు చెప్పింది, ఇక అది చేయనని.

"మేడమ్, ఏం మాట్లాడుతున్నారు? మీరు ఏమీ చేయకపోతేనే కదా జనం వస్తున్నారు?" అంది మేనేజర్. "చేస్తానంటే ఎవరొస్తారు?"

"రాకపోతే పోనీ."

ఒప్పుకున్న ప్రదర్శన ఒకటి మిగిలి ఉంది. రొద అట్టపెట్టె విప్పి, అన్నయ్యతో తిరిగి పట్టిన మోటార్ల చప్పుళ్లు తీసుకెళ్లింది. స్టేజి మీద గీత వెలిగాక జనం అలవాటుగా ఊపిరి బిగబట్టారు. ఆమె నాబ్ తిప్పింది. మోటారు గుర్రుమంది, గీత తెర పైకంటా ఎగిరింది. ఎవరో ఉలిక్కిపడి చేతిలో గ్లాసు వదిలేశారు. ముసలి మోటారు దగ్గుతున్నప్పుడు ముందు వరస ఖాళీ అయింది. సగం పూర్తయ్యేసరికి హాలు సగమైంది. రొద చివరిదాకా వాయించింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. చేతులకు మాత్రం పని దొరికింది.

వ్యాసాలు రాసేవాళ్లు పెదవి విరిచారు. మౌనంతో చెప్పినదాన్ని గోలతో చెడగొట్టుకుందని రాశారు. పిలుపులు తగ్గి, తర్వాత ఆగిపోయాయి. మేనేజర్ వేరే కళాకారుల్ని చూసుకుంది. రొద మళ్లీ స్టూడియోలో చేరింది. వదిన ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకు గది తీసుకుంది. గోడల నిండా టీవీ ట్యూబులు చేరాయి. పక్కింటివాళ్లు గోడ మీద కొడితే సౌండు తగ్గించేది.

కొత్త పని తయారయ్యాక ఒక ఆదివారం పొద్దున, ఒక లైబ్రరీ పై అంతస్తులో ప్రదర్శించింది. వచ్చినవాళ్లకు ఒక బెంచీ సరిపోయింది. అయిపోయాక మెట్ల దగ్గర ఒక పెద్దాయన ఆమెను ఆపాడు. రిటైరైన లెక్కల మాస్టారట.

"అమ్మాయ్, ఏమీ అనుకోకు. తలనొప్పి వచ్చింది. ఇందులో కళ ఎక్కడుంది?"

'అడ్డగీత' రోజుల్లోనైతే రొద "అవునండీ" అని వెళ్లిపోయేది. ఇప్పుడు చెవులు వేడెక్కాయి.

"తలనొప్పి వచ్చిందంటే విన్నారన్నమాటేగా! మూడో తెర చూశారా అసలు?"

"చూశాను. పిచ్చిగీతలు."

"పిచ్చిగీతలా? కూర్చోండి మాస్టారూ, మళ్లీ వేస్తాను."

"మళ్లీనా! నన్ను చంపుతావా ఏంటి?" అన్నాడాయన. అంటూనే మెట్టు మీద కూలబడి, రెండో తెర మాత్రం కాస్త నయమన్నాడు. ఎందుకు నయమో చెప్పమని ఆమె నిలదీసింది. ఆయన చెప్పినది ఆమె ఒప్పుకోలేదు. గొంతులు లేచాయి.

కింద క్యాంటీన్ నుంచి వదిన రెండు టీలు పట్టుకుని వచ్చింది. మరదలు చేతులు తిప్పుతూ, ఆయాసపడుతూ, ఒక ముసలాయనతో పోట్లాడుతోంది. వదిన పై మెట్టు మీద కూర్చుని ఒక టీ తాగింది. వాళ్లు ఇప్పట్లో తేల్చేలా లేరని చూసి, చల్లారిపోతుందని రెండోదీ తాగేసింది.