మూడున్నర అంగుళాలు

ట్వైలా జీవితమంతా స్కూలు బస్సు నడిపింది. మంచు తుఫానులో కూడా పిల్లల్ని గుమ్మాల దాకా దింపిన మనిషి, సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఎప్పుడూ నేర్చుకోలేదు. రిటైరయ్యాక నెబ్రాస్కా చలికాలమంతా టీవీ ముందు కూర్చోలేక, లూథరన్ చర్చి నేలమాళిగలో నడిచే బొంతల సంఘంలో చేరింది. చేర్పించింది వదిన మార్లిస్, ట్వైలా అన్న భార్య. ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా మార్లిస్ కుట్టిన బొంతలోనే చుట్టి ఇంటికి తెచ్చేవారు.

ఆ ఏడు సంఘం మిస్టరీ బొంత మొదలుపెట్టింది. అంటే ఏం కుడుతున్నారో కుట్టేవాళ్లకు తెలియదు. నెలకో కాగితం ఇస్తారు. ఈ నెల ఈ కొలతకు ముక్కలు కోయండి, వచ్చే నెల వాటిని ఇలా కలపండి అని అందులో ఉంటుంది. ఆఖరి కాగితం చేతికొచ్చేదాకా బొంత రూపమేమిటో దాన్ని గీసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. గీసింది జెనీవా, సంఘం పెద్ద. కొత్తవాళ్లు, కాస్త వచ్చినవాళ్లు, ఆరితేరినవాళ్లు అని ఆమె మూడు జట్లు చేసింది. కొలతలు అందరికీ ఒకటే, పై జట్లకు ముక్కలూ చిక్కులూ ఎక్కువ. మార్లిస్ ఆరితేరిన జట్టు. ట్వైలా, చెప్పేదేముంది, కొత్తవాళ్ల బల్ల.

ఆ బల్ల దగ్గర ఆమె పక్కన వెండెల్ కూర్చునేవాడు. పందుల పెంపకంలో చేతులు కాయలు కాచిన ముసలాయన. గుండె ఆపరేషన్ తర్వాత బరువులెత్తొద్దని డాక్టరు గట్టిగా చెబితే, పోయిన భార్య కుట్టుమిషను దుమ్ము దులిపి పట్టుకొచ్చాడు. ఒక కుట్టు వంకర పోతే తనలో తనే నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు.

ట్వైలా తన బొంతకు అమ్మ దాచిన గుడ్డ తీసింది. అమ్మ కాలంలో కోళ్ల దాణా పువ్వుల గుడ్డ సంచుల్లో వచ్చేది. ఆ సంచులు విప్పి, ఉతికి, ట్వైలాకు గౌన్లు కుట్టింది అమ్మ. మిగిలిన ముక్కలు ఇస్త్రీ మడతల్లో ఉండిపోయాయి. ఇప్పుడు ఎక్కడ వెతికినా అలాంటి గుడ్డ దొరకదు.

మూడో నెల కాగితంలో త్రికోణాల కోసం మూడున్నర అంగుళాల చదరాలు కోయమని ఉంది. కోసింది, కుట్టింది. తీరా పక్క ముక్కకు ఆనించి చూస్తే అంచుకు అంచు అందలేదు. వెండెల్‌వీ అంతే. ఆ బల్ల మీద అందరివీ అంతే. జెనీవా వచ్చి, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని చూసి, గుడ్డంతా కుట్టులోకే మింగేస్తున్నారు, విప్పి సన్నగా కుట్టండి అంది. విప్పారు, కుట్టారు. మళ్లీ పొట్టే. పాత గుడ్డ కావడంతో రెండోసారి విప్పేసరికి ట్వైలా ముక్కల అంచులు పోగులు లేచి చీలిపోయాయి. నేర్చుకునే చేతులకు ఇంత మంచి గుడ్డ ఎందుకని జెనీవా నలుగురిలో అనేసి ముందుకు నడిచింది. వెండెల్ తన మొద్దు వేళ్ల వంక చూసుకున్నాడు. తర్వాతి నెల అతను రాలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మార్లిస్ వంటింట్లో వదినా ఆడపడుచులిద్దరూ పై అనే తీపి వంటకం కోసం పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతున్నారు. ట్వైలా ఈ బొంత తనవల్ల కాదనీ, మానేస్తాననీ చెప్పుకొచ్చింది.

"నీ తప్పేముంది ట్వైలా? ఆ మూడున్నర తప్పు కొలత కదా, ఎవరు కుట్టినా అంతే," అంది మార్లిస్ ఓదార్పుగా.

ట్వైలా కత్తి కింద పెట్టింది. మార్లిస్ ముఖం పాలిపోయింది. ఇక దాచి లాభం లేక సంగతంతా చెప్పింది. ఆరితేరిన జట్టు గురువారాలు జెనీవా ఇంట్లో కాఫీకి కలుస్తుంది. గుడ్డ కోయకముందే అక్కడ ఎవరో తప్పు పట్టారు. కొలత నాలుగు అంగుళాలకు ఒక్క గీత, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మాత్రమే తక్కువ ఉండాలి. జెనీవా నవ్వేసి, దిద్దుకోండి, మిగతావాళ్లకు నేను చెబుతాలే అంది. చెప్పలేదు.

"నా ముక్కలు తెచ్చి ఈ బల్ల మీదే పరిచాను కదా వదినా. విప్పి విప్పి వేలు చూడు ఎలా అయిందో అని చూపించాను. అప్పుడైనా నోరు రాలేదా?"

"మా జట్టులో అనుకున్న మాట బయటికి పొక్కితే జెనీవా ఏమనుకుంటుందోనని..."

"నేను బయటిదాన్నా?"

ట్వైలా చేతులైనా కడుక్కోకుండా పికప్ ట్రక్కు ఎక్కింది. ఇంటికి పోలేదు, కంకర రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ నేరుగా వెండెల్ ఇంటికి వెళ్లింది. అతను షెడ్డులో ట్రాక్టరు తుడుస్తున్నాడు. కుట్టుమిషను అప్పటికే మనవరాలికి ఇచ్చేశాడట. కొలతే తప్పని ట్వైలా చెబితే గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నా చేతులే ఇందుకు పనికిరావనుకున్నానమ్మా," అన్నాడు.

ఆ మాటతో ట్వైలా ఒళ్లు మండిపోయింది. తన గుడ్డ పోయినందుకు కూడా అంత కోపం రాలేదు. వచ్చే సమావేశానికి అతను వచ్చి తీరాలంది. వెండెల్ ఆమెను సాగనంపడానికి షెడ్డు తలుపు దాకా వచ్చాడు కానీ మాట మాత్రం ఇవ్వలేదు.

సమావేశానికి వెండెల్ రాలేదు. కాఫీ, నిమ్మ కేకు ముక్కలు అయ్యాక, జెనీవా కొత్త కాగితాలు పంచబోతుంటే ట్వైలా లేచి నిలబడింది. ఆమె గొంతు బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు.

"జెనీవాగారూ, కొత్త కాగితం తర్వాత. పాత కాగితంలో కొలత తప్పని మీకు మార్చిలోనే తెలుసా, లేదా?"

జెనీవా తడబడింది. అందరికీ చెబుదామనే అనుకున్నాననీ, ఈస్టర్ హడావిడిలో పడి మరిచిపోయాననీ, అయినా కుట్లు విప్పడం కూడా కొత్తవాళ్లకు ఒక పాఠమేననీ అంది.

"మరిచిపోయినవారు మా బల్ల దగ్గరికొచ్చి తప్పు మా చేతులదని ఎలా చెప్పారు? ఆ మాట నమ్మి ఒక మనిషి మిషను వదిలేశాడు. మా అమ్మ గుడ్డ చెత్తబుట్టలో పడింది. మీ జట్టుకు కాఫీతో పాటు నిజం పోసి, మాకు పాఠం చెప్పారా?"

అప్పుడు మార్లిస్ లేచింది. ఆ తప్పు తనకూ తెలుసనీ, ఇంట్లో మనిషికి కూడా చెప్పలేదనీ అంది. ఆమె చెయ్యి కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు తల దించుకునే తమకూ తెలుసన్నారు. జెనీవా ముఖం కందిపోయింది. పొరపాటు నాదే, క్షమించండి అంది, చేతిలోని కాగితాల వైపు చూస్తూ. పాడైన వాటికి బదులు గుడ్డ ఇస్తానంది కూడా. ట్వైలా తన సంచి సర్దుకుని, నా గుడ్డ మీ దగ్గర దొరకదు అని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయింది.

కొత్తవాళ్లు బొంతలు మాత్రం వదల్లేదు. మిగతా ముక్కలను కూడా పొట్టి చదరాలకు తగ్గట్టు కోసి, ట్వైలా ఇంటి గరాజులో కుట్టారు. ఉన్న గుడ్డతో ట్వైలా బొంత ఒళ్లో కప్పుకునేంతే అయింది. మనవరాలి దగ్గరి నుంచి మిషను తెచ్చుకుని వెండెల్ కూడా వచ్చాడు. శరదృతువులో సంఘం బొంతలన్నీ చర్చిలో వేలాడదీసిన రోజు కొత్తవాళ్లవి వెనక గోడకు కట్టమంటే, ట్వైలా నిచ్చెన తనే తెచ్చి తలుపుకు ఎదురుగా కట్టింది. మార్లిస్ వచ్చి నిచ్చెన కాళ్లు పట్టుకుంది. ట్వైలా పట్టుకోనిచ్చింది, దిగాక నిచ్చెన మాత్రం తనొక్కతే మోసుకుపోయింది.

కొత్త ఏడు జెనీవా మళ్లీ మిస్టరీ బొంత ప్రకటించింది. ఈసారి మూడు జట్లకూ ఒకే గదిలో, ఒకే రోజు కొలతలు సరిచూసి ఇస్తామని చెప్పారు. ట్వైలా పేరు ఇవ్వలేదు. వెండెల్ ఇచ్చాడని, అదీ నడిమి జట్టులో అని తెలిసి అతనికి ఫోన్ చేసి దులిపేసింది. అంత జరిగాక మళ్లీ ఆవిడ కింద ఎలా కుడతారని అడిగింది.

"జెనీవా కోసం కాదమ్మా. సాయంత్రాలు ఇంట్లో మిషను మోగుతుంటే బాగుంటుంది," అన్నాడతను.

ట్వైలా కోపంగానే ఫోన్ పెట్టేసింది. తర్వాత తలుపు తెరిచింది. బయట మార్లిస్ కారు ఆగి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, వదిన ఇంకా స్టీరింగు ముందే కూర్చుని ఉంది. లోపలికి రమ్మని ట్వైలా పిలవలేదు. తలుపు మాత్రం మూయకుండా వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టింది.