మిషను మీద నింద

ముందుగదికీ వంటగదికీ మధ్యనున్న తలుపు పట్టేసిన రోజే టైలరమ్మకు అనుమానం వచ్చింది. ఆరేళ్లుగా చిటికెన వేలితో నెడితే మూసుకునే తలుపు, ఇప్పుడు భుజం ఆన్చి తోసినా కదలనంటోంది. తలెత్తి చూసింది. ద్వారబంధం పై మూల నుంచి కప్పు దాకా ఒక పగులు మెట్లెక్కుతున్నట్టు పోయింది. ఇటుకల సందుల వెంట కాస్త అడ్డంగా, కాస్త నిలువుగా పాకి, పైకి వెళ్లేకొద్దీ వెడల్పయింది. కింద దారం పట్టేంత సన్నం. పైన వేలి గోరు దూరుతుంది.

ఇంటి ఓనరు పై అంతస్తులోనే ఉంటాడు. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గేటుకి పదకొండు నిబంధనలు రాసిన బోర్డు తగిలించుకున్నాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని రూల్సుగారు అనేవాళ్లు, ఆయన వెనకాల. టైలరమ్మ కబురు పెట్టగానే దిగి వచ్చాడు. సూదిలో దారం ఎక్కించేంతసేపు కూడా పగులు వంక చూడలేదు. కిటికీ పక్కనున్న కుట్టుమిషను వైపు తిరిగాడు.

“రోజూ ఎంతసేపు తొక్కుతావమ్మాయ్ దీన్ని?”

“పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఏమండీ?”

“అదీ సంగతి. ఆ అదురుకే గోడ విచ్చుకుంది. ఇంటిని ఇల్లులా వాడుకోవాలి. ఫ్యాక్టరీ చేస్తే ఇలాగే ఉంటుంది.”

వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. “గోడ నువ్వే బాగు చేయించాలి. లేదా మిషను తీసెయ్యి. రెండూ కాదంటే ఇల్లు ఖాళీ చెయ్యి,” అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మంచం మీద కూర్చుని బొత్తాలు కుడుతున్న అత్తగారు కళ్లజోడు పైకి నెట్టుకుంది. “నువ్వు మిషను తొక్కితే ఇల్లు పడిపోతే, నేను తుమ్మితే వీధి వీధంతా కొట్టుకుపోవాలి కదే!” అంది.

అక్కడితో ఆగి ఉంటే టైలరమ్మ ఊరుకునేదే. రూల్సుగారు ఊరుకోలేదు. కిరాణా కొట్టులో చెప్పాడు, ఇస్త్రీ బండి దగ్గర చెప్పాడు, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పాడు. మూడోరోజుకల్లా గౌను కుట్టమని గుడ్డ ఇచ్చిన ఒకామె వచ్చి, “నీ మిషను వల్ల ఇల్లు బీటలు వారిందటగా? ఎందుకొచ్చిన గొడవ, నా గుడ్డ ఇచ్చెయ్యి,” అని కత్తెర పడని గుడ్డను చంకలో పెట్టుకుని పోయింది.

టైలరమ్మ ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లుగా ఆ మిషనే ఆమెకు తోడు. భర్త లారీ నడుపుతాడు, నెలకి రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప. ఫోనులో అతను, “పోనీలే, ఆయనతో మనకెందుకు, ఇంకో ఇల్లు చూద్దాం,” అన్నాడు.

“తప్పు చేసినవాళ్లు ఇల్లు మారతారు. నేనెందుకు మారాలి?” అని ఫోను పెట్టేసింది.

కొలవడం ఆమెకు చేతనైన పని. పగులుకి అటొకటి, ఇటొకటి పెన్సిలు గీతలు పెట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి, కొలతల పుస్తకంలో తేదీతో సహా రాసుకుంది. పేజీలో పైన ఎవరిదో చొక్కా భుజం కొలత, కింద గోడది. ఆ తర్వాత మిషను మీద దుప్పటి కప్పేసి, పని మూటగట్టుకుని పక్కవీధిలో తెలిసినవాళ్ల షాపులో కూర్చుని కుట్టుకుంది. పన్నెండు రోజులు. ఇంట్లో మిషను చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. మళ్లీ కొలిస్తే గీతల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు పెరిగింది.

పుస్తకం పట్టుకుని పైకి వెళ్లింది. రూల్సుగారు పేజీ వంక చూసి, “పాత అదురు లోపల ఉండిపోయి ఇప్పుడు పనిచేస్తోంది,” అన్నాడు.

చదువుకున్న మనిషి నోట్లోంచి ఆ మాట వచ్చింది. టైలరమ్మ పుస్తకం టప్పున మూసి మెట్లు దిగింది.

మర్నాడు ఆమె ఒక ముసలి మేస్త్రిని వెతికి తీసుకొచ్చింది. చెవి మీద పెన్సిలు, భుజాన సంచి, తక్కువ మాటలు. అతను లోపలికి రాకముందే ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత లోపలికొచ్చి ప్రతి కిటికీ తీసి మూసి చూశాడు. నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టాన్ని గది గదికీ పరిచి, నాలుగు మూలల మట్టం పోల్చాడు. వెనక మూల మిగతా మూడింటికన్నా బొటనవేలి మందం కిందికుంది.

“పగులు పైన వెడల్పు, కింద సన్నం. అంటే ఆ మూల కిందికి దిగుతోంది తల్లీ, గోడని కూడా లాక్కుపోతోంది. గోడకేం రోగం లేదు. రోగం పునాది కిందుంది.”

“మరి మిషను సంగతి?”

మేస్త్రి గ్లాసు నిండా నీళ్లు పోసి గోడ వారన నేల మీద పెట్టాడు. “తొక్కు,” అన్నాడు. ఆమె దుప్పటి లాగేసి, పన్నెండు రోజుల కసినంతా పాదాల్లోకి దించి తొక్కింది. నీళ్లు సన్నగా వణికాయి గానీ ఒక్క చుక్క ఒలకలేదు.

“గ్లాసులో నీళ్లనే ఒలికించలేకపోయింది, పునాదినేం కదుపుతుంది?” అన్నాడు మేస్త్రి. “ఆ మూల బయట నేలంతా ఎండలో కూడా మెత్తగా ఉందే, ఎందుకు? పైవాళ్ల బాత్రూమ్ గొట్టం అక్కడే భూమిలోకి దిగుతోంది. ఒక గుంట తవ్వి చూస్తే తెలిసిపోతుంది.”

పార చప్పుడు వినగానే రూల్సుగారు దిగొచ్చాడు. “నా స్థలంలో తవ్వడానికి నీకెవరిచ్చారయ్యా అధికారం? తొమ్మిదో నిబంధన చదివావా?”

“పునాదికి చదువు రాదు కదండీ, దిగిపోతోంది,” అన్నాడు మేస్త్రి.

“తవ్వడానికి వీల్లేదు!”

“తవ్వనివ్వండి,” అన్న మాట మెట్ల మీది నుంచి వినబడింది. రూల్సుగారి భార్య. టైలరమ్మ ఆవిణ్ణి పిన్నిగారని పిలుస్తుంది. ఆరేళ్లలో ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. “రెండేళ్ల కిందట ప్లంబరు వచ్చి కింద గొట్టం విరిగిందని చెప్పలేదూ? భూమిలోకే కదా పోతున్నాయి, మొక్కలకి మంచిదేలే అని మీరే పంపించేశారు.”

టైలరమ్మ ఆయన వైపు తిరిగింది. ఈయనకి తెలుసు! తెలిసే అందరి ముందూ తన మిషను పేరు చెప్పాడు!

“మీకు తెలుసా?” అంది.

“అది వేరే సంగతి. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరు తేల్చారు?” అన్నాడాయన గడ్డం ఎత్తి.

“ఇప్పుడే తేల్చేద్దాం.” ఆమె లోపలికెళ్లి, వెలిసిపోయిన బట్టలకి అద్దే నీలం రంగు పొడి డబ్బా తెచ్చి, “నీళ్లలో కలిపి మీ బాత్రూములో పొయ్యండి,” అంటూ పిన్నిగారి చేతిలో పెట్టింది. ఆవిడ భర్త వంక చూడకుండా పైకి వెళ్లింది. మేస్త్రి నడుం లోతు తవ్వేసరికి పునాది అడుగు బయటపడింది. కింద ఉండాల్సిన మట్టికి బదులు జావలాంటి బురద. ఇనప కడ్డీ గుచ్చితే మోచెయ్యంత లోతు దిగిపోయింది. పైనుంచి బకెట్లు కుమ్మరించిన చప్పుడు వినబడింది. పది నిమిషాలు గడిచాయి. పునాది అడుగు నుంచి సబ్బు వాసనతో నీలంగా నీళ్లు ఊరడం మొదలుపెట్టాయి.

రూల్సుగారు ఆ గుంటలోకి చూస్తూ నిలబడ్డాడు. “సరే... ఏదో పొరపాటు జరిగింది. మనుషులన్నాక జరుగుతుంటాయి,” అన్నాడు చివరికి.

“జరగలేదండీ, మీరు చేశారు! మీ స్నానం నీళ్లు మా నెత్తిన గోడ కూలుస్తుంటే, రెండేళ్లు చూస్తూ కూర్చున్నారు. గోడ పగిలితే నా పొట్టకూటి మీద నింద వేశారు. మా అత్తగారి మంచం ఆ గోడ కిందే ఉందని మీకు తెలియదా? మిషను తియ్యమన్నారు గానీ, మంచం జరుపుకోండి అని ఒక్క మాట అన్నారా?”

అప్పటికే ప్రహరీ గోడ అవతల నలుగురు తలలు పెట్టి చూస్తున్నారు.

పని ఆ వారమే, రూల్సుగారి ఖర్చు మీదే, మొదలైంది. ముందు గొట్టం మార్చారు, మట్టి ఆరనిచ్చారు. తర్వాత మేస్త్రి మూల దగ్గర పునాది కింద ఒక్కసారిగా తవ్వకుండా, బారెడు మేర ఒక గుంట, కాస్త ఎడం వదిలి ఇంకో గుంట తీసుకుంటూ, గట్టి నేల తగిలేదాకా దిగి కాంక్రీటు నింపాడు. అది గట్టిపడ్డాకే మధ్యలో వదిలిన చోట చెయ్యి పెట్టాడు. “అన్నీ ఒకేసారి తవ్వితే ఇల్లు మన మీదే కూర్చుంటుంది,” అనేవాడు. కాంక్రీటుకీ పాత పునాదికీ మధ్య సందులో గట్టి సిమెంటు ముద్దని కర్రతో కొట్టి కూరేవాడు. ఆ నెలంతా అత్తగారి మంచం ఆ గోడకి దూరంగా, వీధి తలుపు దగ్గరే ఉంది.

చుట్టాలొస్తున్నారు, పగులు మీద వెంటనే పూత కొట్టించెయ్యమని రూల్సుగారు తొందరపెట్టాడు. మేస్త్రి ససేమిరా అన్నాడు. పగులు మీద అడ్డంగా సన్నని గాజు పలక అతికించి, గోడ ఇంకా కదిలితే అది చిట్లుతుందని, వానలు వెళ్లేదాకా ఆగమన్నాడు. వానలు వచ్చాయి, వెళ్లాయి. పలక చిట్లలేదు. అప్పుడు ఇటుకల సందుల్లో ఇనప చువ్వలు పెట్టి పగులు మూశాడు, తలుపు చిత్రిక పట్టాడు.

భర్త ఇంటికొచ్చి తలుపు తీసి మూసి, “అంతా సర్దుకుంది కదా, ఇంకా మొహం అలా ఉందేంటి?” అన్నాడు.

సర్దుకోలేదు. కిరాణా కొట్టులో రూల్సుగారు ఏం చెబుతున్నాడో ఆమె ఆ ఉదయమే విన్నది. గొట్టం పాతదైందట, ఆయనే కనిపెట్టి బాగు చేయించాడట. మిషను ఊసే లేదు.

టైలరమ్మ చెప్పులేసుకుని బయల్దేరింది. అత్తగారు వెనకాలే వచ్చింది. కొట్టు ముందు ఐదారుగురున్నారు, రూల్సుగారు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“కథ సగమే చెప్పారట. మిగతాది చెప్పండి,” అంది ఆమె.

ఆయన అటూ ఇటూ చూశాడు. జనం జరగలేదు. “అదే... మిషను వల్ల కాదు,” అన్నాడు సంచిలోకి చూస్తూ.

“కాస్త గట్టిగా చెప్పవయ్యా,” అంది అత్తగారు, చెయ్యి చెవికి ఆన్చుకుని.

“మిషను వల్ల కాదు! గొట్టం విరిగిందని నాకు ముందే తెలుసు. చాలా?”

“నాకు చాలు. నా కోడలికి చాలిందో లేదో దాన్నే అడుగు.”

చాలలేదని టైలరమ్మ మొహమే చెబుతోంది. ఆమె కొట్టతని వైపు తిరిగి, రెండు తెల్లదారం రీళ్లు అడిగి తీసుకుంది.