ఇరవై మూడు బొట్టుబిళ్ళలు

నేహా కుట్టుమిషను మీదికి ఒరిగిపోగానే జనార్దనరావు ముందు లాగింది పిల్లను కాదు, సూది కింద ఇరుక్కున్న గులాబీ రంగు గుడ్డను. రక్తం అంటిందేమోనని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అంటలేదు. అప్పుడు ఆటో పిలవమన్నాడు. పక్క మిషను మీదున్న సాయిసుధ ఇదంతా కళ్ళారా చూసింది.

దేశ రాజధానిలో సరోజినీ నగర్ మార్కెట్ వెనక సందులో, నేలమాళిగలో ఉంది ఆ శిక్షణ కేంద్రం. నేహాతో కలిపి ఇరవై ముగ్గురు ఆడపిల్లలు, అందరూ పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు. బోర్డు మీద ఉచిత కుట్టు శిక్షణ, ఆరోగ్య పాఠాలు అని రాసి ఉంటుంది. శిక్షణ పేరుతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎగుమతి బ్లౌజులు కుట్టించడమే మేనేజరు జనార్దనరావు చేసే సేవ. శనివారం ఒక్క గంట పాఠం. చెప్పేది అనూహ్య, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అద్దెగదిలో ఉండి సివిల్స్‌కు చదువుకుంటున్న అమ్మాయి. నెలసరికి సిగ్గెందుకని గోడకు పెద్ద చార్టు తగిలించింది. ఎవరికి వచ్చిన రోజున వాళ్ళు తమ పేరు ఎదుట ఎర్ర బొట్టుబిళ్ళ అంటించాలని నేర్పింది.

మంచి మనసుతోనే నేర్పింది. కానీ ఆ గోడను పిల్లలకంటే శ్రద్ధగా చదివినవాడు జనార్దనరావు. సరుకు పంపే వారం ఎవరి తేదీ పడుతుందో చూసుకునేవాడు. ఆ పిల్లకు టీతోపాటు తెల్లమాత్ర ఇచ్చి, "బలానికి తల్లీ, మింగెయ్" అనేవాడు. నెలసరి వాయిదా పడేది, మిషను ఆగేది కాదు. కంచే చేను మేయడమంటే ఇదే.

నేహా మూడు నెలలు మింగింది. పడిపోయిన మూడో రోజున ఆసుపత్రిలో చచ్చిపోయింది. ఇంట్లో సరిగా తిండి పెట్టలేదని జనార్దనరావు తేల్చాడు. రెండు నిమిషాలు మౌనం పాటించమని, ఒక నిమిషం కాగానే మిషన్లు ఎక్కమన్నాడు.

సాయిసుధ చెత్తబుట్టలోంచి మాత్రల రేకు ఏరి, శనివారం అనూహ్య ముందు పెట్టింది. అది బలానికి కాదని, నెలసరిని ఆపేదని, డాక్టరు చూడకుండా ఇవ్వకూడదని, ఒంట్లో రక్తం లేని పిల్లకు మాత్ర మానగానే రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి రావచ్చని చెప్పి అనూహ్య తల పట్టుకుంది. తప్పంతా తనదేనని, చార్టు చింపేస్తానని లేచింది.

"చింపకు దీదీ," అంది సాయిసుధ. పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం ఆమెది. "బొట్టుబిళ్ళలు పెట్టుమన్నది నువ్వే. గోలీల సంగతి ముందుగాల చెప్పకపోతివి. ఇప్పుడు చింపితే ఆయనకే మేలు. ఉండనియ్యి, మాకు పనుంది."

అన్నం డబ్బాల దగ్గర వాదన సాగింది. నెల ఆగితే సర్టిఫికెట్ చేతికొస్తుంది, నోరెత్తితే పోతుందని సగం మంది భయపడ్డారు. సాయిసుధకు మాత్రం భయం లేదా? తల్లి కాంతమ్మ సర్కారు క్వార్టర్లలో అంట్లు తోముతుంది. ఆ కాగితం రాకపోతే నీదీ నా బతుకేనని రోజూ అంటుంది. అయినా సాయిసుధ ఒక్క మాటే అడిగింది, నేహా సర్టిఫికెట్ ఎవరికిస్తారని. అందరి డబ్బాల్లో అన్నం మిగిలిపోయింది.

శుక్రవారం సరుకు వెళ్ళాలి. జనార్దనరావు మాత్రల పళ్ళెం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడిపోయాడు. ఆ రోజు గడుల్లో పైనుంచి కిందిదాకా ఇరవై మూడు ఎర్ర బొట్టుబిళ్ళలు. వెనక మిషన్ల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. ఇదేం వేళాకోళమని, అందరికీ ఒక్కరోజే ఎట్లా వస్తుందని గద్దించాడు.

సాయిసుధ లేచి నిలబడింది. "అందరికీ ఇయ్యాల్నే వచ్చింది సార్. నేహాకు గూడ. మిషన్ తొక్కం. ఆ గోలీ ముందు నువ్వు మింగు."

జనార్దనరావు ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. మాత్రల రేకు చూపిస్తే చూడలేదు, ఈ గొడవకు పెద్ద ఎవరని అడిగారు. నేనంటే నేనని ఇరవై ఇద్దరూ ముందుకొచ్చారు. సాయిసుధను జుట్టు పట్టి జీపెక్కించారు. మిగతావాళ్ళు జీపు వెనకే నడిచారు, పిల్లలు కబురు పెడితే వచ్చిన అనూహ్య కూడా చార్టు చుట్టి చంకలో పెట్టుకుని నడిచింది.

సందు పొడుగునా కుట్టు కేంద్రాల్లో మిషన్లు ఆగాయి. ఆడపిల్లలు తలుపుల్లోకి వచ్చి చూశారు. ఎందుకు తీసుకుపోతున్నారో నడిచే పిల్లలు చెబుతూ పోయారు. విన్న పిల్ల ఒకతి నుదుటి బొట్టుబిళ్ళ తీసి, తన కేంద్రం గోడకు అంటించి, వాళ్ళతో కలిసి నడిచింది.